వయొలిన్‌ను ఎవరు తుడుస్తారు?

పిల్లలూ, మన బడి సంగీతం గదిలో గోడవారగా ఒక ఇనుప బీరువా ఉంది కదా. దాని పై అరలో, పగిలిన తబలాల వెనక, ఒక నల్లటి పెట్టె ఉంటుంది. అందులో ఒక వయొలిన్. దాన్ని ఎవరు కొన్నారో, మొదట ఎవరు వాయించారో చెప్పేవాళ్లు ఇప్పుడు బడిలో లేరు. స్టాక్ రిజిస్టరులో "వయొలిన్ - 1" అన్న వరుస మాత్రం ఉంది. ఏటా మార్చి నెలలో ఒకరు వచ్చి పెట్టె ఉందా లేదా చూసి, ఆ వరుస పక్కన టిక్కు పెట్టి వెళతారు. లోపల ఉన్నది ఎలా ఉందో రాయడానికి ఆ రిజిస్టరులో గడి లేదు.

మూడేళ్ల క్రితం మేము బదిలీ మీద బస్తర్ వచ్చిన కొత్తలో ఆ పెట్టె తెరిచి చూశాం. నాలుగు తీగలూ నల్లబడి ఉన్నాయి. కమాను ఆడే చోట తెల్లగా, గట్టిగా, ఎండిపోయిన పిండిలా ఏదో పేరుకుంది. తీగల కింద వేళ్లు ఆడే నల్లటి పట్టీ, అదే ఫింగర్‌బోర్డు, జిడ్డుగా ఉంది. వీటన్నిటి మీద బైలడిల్లా ఎర్ర దుమ్ము. మూసిన పెట్టెలోకి కూడా అది ఎలా దూరుతుందో ఈ ప్రాంతంలో కాపురం ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మేము చూశాం, "అయ్యో" అనుకున్నాం, మళ్లీ మూసేశాం. ఆ పని చేసినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాం.

తర్వాతి ఏడాది విశాఖపట్నం నుంచి ఎనిమిదో తరగతిలోకి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్నగారిది కూడా బదిలీల ఉద్యోగమే. ఆ అమ్మాయి అక్కడ కొంతకాలం వయొలిన్ నేర్చుకుంది. బీరువాలో ఒకటి ఉందని విని మా దగ్గరికి వచ్చింది. పెట్టె తెరిచి ఇచ్చాం. వెంటనే వాయిస్తుందనుకున్నాం. వాయించలేదు. "మేడమ్, మెత్తటి పాత గుడ్డ ఏమైనా ఉందా?" అని అడిగింది.

ఆ రోజు మొదలు రెండేళ్లు ఆ వయొలిన్‌ను ఆ అమ్మాయే తుడిచింది. ఈ ఏప్రిల్‌లో వాళ్ల నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. టీసీ తీసుకున్న రోజున పెట్టె మా బల్ల మీద పెట్టి ఒకే మాట అడిగింది. "నేను వెళ్లిపోయాక దీన్ని ఎవరు తుడుస్తారు మేడమ్?"

మేము తెలుగు టీచర్లం. మాటలకు కొదవ ఉండకూడదు. అయినా ఆ పూట జవాబు చెప్పలేకపోయాం. ఇన్నాళ్లూ ఆలోచించి ఇక్కడ రాస్తున్నాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: బడిలో ఉన్న వాయిద్యాన్ని తుడవాల్సింది బడి పిల్లలే. ఆ పని ఎలా చేయాలో వెళ్లే పిల్లలు వచ్చే పిల్లలకు చేతితో చూపించి, కాగితం మీద రాసి వెళ్లాలి. తాళం వేసి దాచడం రక్షణ కాదు.

బదిలీ కుటుంబాల్లో మనకో అలవాటు ఉంటుంది. క్వార్టర్స్ గోడకు మేకు కొట్టం, మళ్లీ పూడ్చాలి కనుక. పెరట్లో మామిడి మొక్క పెట్టం, కాపు మనం తినం కనుక. కరివేపాకు దాకా పెంచుతాం, అంతే. మాకు ఈ ఉద్యోగంలో ఇది ఐదో ఊరు. ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక వస్తువు చూసి "తర్వాత వచ్చేవాళ్లు చూసుకుంటారులే" అనుకున్నాం. తర్వాత వచ్చినవాళ్లూ అదే అనుకుని ఉంటారు. బీరువాలో వయొలిన్ నల్లబడింది అందుకే. దాన్ని ఎవరూ పాడుచేయలేదు. ఎవరూ ముట్టుకోలేదు, అంతే.

"పిల్లల చేతికిస్తే పాడుచేస్తారు" అని పెద్దలు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే మాకు తెలిసిన ఒక వయొలిన్‌ను పాడుచేసింది పిల్లలు కాదు, మేమే. అది వేరే ఊళ్లో, ఇంతకు ముందు పనిచేసిన ఒక బడిలో. వార్షికోత్సవానికి ముందురోజు సాయంత్రం. తీగలు జిగటగా ఉన్నాయని ఒక పిల్లవాడు తెచ్చి ఇచ్చాడు. చిన్నప్పుడు విజయనగరంలో రెండేళ్లు వయొలిన్ నేర్చుకుని మానేసిన ధైర్యం మాది. ప్రథమ చికిత్స పెట్టెలోంచి స్పిరిట్ తీసి, దూది బాగా తడిపి, తీగలు రుద్దేశాం. క్షణంలో తళతళలాడాయి. ఎంత బాగుందో అనుకునే లోపు ఒక చుక్క ఫింగర్‌బోర్డు అంచు నుంచి జారి వయొలిన్ పొట్ట మీద పడింది. గబుక్కున వేలితో తుడిచాం. వేలి కింద వార్నిష్ మెత్తబడి, వేలిముద్ర అచ్చుపడిపోయింది. ఆ ముద్ర ఈపాటికి కూడా ఆ వయొలిన్ మీద ఉండే ఉంటుంది.

అలా ఎందుకైందో తర్వాత తెలుసుకున్నాం. కమానుకు గుర్రపు తోక వెంట్రుకలు కడతారు. వాటికి రాసే రోజిన్ పైన్ చెట్టు జిగురు నుంచి వస్తుంది. ఆ జిగురును కాచి టర్పెంటైన్ తీసేశాక మిగిలే గట్టి పదార్థమే రోజిన్. అది ఉంటేనే వెంట్రుకలు తీగను పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుని శబ్దం పుట్టిస్తాయి. వాయించినప్పుడల్లా అది పొడిగా రాలి తీగల మీద, వాటి కింద చెక్క మీద పడుతుంది. తుడవకపోతే గట్టిపడుతుంది. రోజిన్ నీటిలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. చిక్కు ఎక్కడంటే, వయొలిన్‌కు వేసే వార్నిష్ కూడా చాలావరకు ఇలాంటి చెట్ల జిగుళ్లతోనే చేస్తారు. ఏది మురికో ఏది మెరుపో స్పిరిట్‌కు తెలియదు. రెండింటినీ కరిగించేస్తుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో ఉండేది కూడా ఆల్కహాలే. కాబట్టి దాంతోనూ అదే ప్రమాదం.

అంటే, ఆ వయొలిన్‌కు దెబ్బ తగిలింది ముట్టుకున్నందుకు కాదు. దేనితో ముట్టుకోవాలో తెలియనందుకు. తెలియనితనానికి మందు తాళం కాదు, నేర్పడం. అందుకే ఆ అమ్మాయి చేసి చూపించిన పద్ధతిని, మేము చేసిన తప్పు వల్ల నేర్చుకున్నదాన్ని కలిపి ఇక్కడ చెబుతున్నాం. మీ ఇంట్లో వయొలిన్ ఉన్నా, దాని పెద్దన్నలాంటి సెల్లో ఉన్నా ఇదే వర్తిస్తుంది. సెల్లో తీగలు లావు, ఫింగర్‌బోర్డు పొడవు, రాలే రోజిన్ ఎక్కువ. పద్ధతి మాత్రం ఒకటే.

మొదట చేతులు. వాయించే ముందు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోవాలి. తీగల మీద పేరుకునే జిడ్డు మన వేళ్లదే. చెమటలోని ఉప్పు లోహపు తీగను తినేస్తుంది. చేతులు కడుక్కుంటే శుభ్రం చేసే పని సగం తగ్గిపోతుంది.

తర్వాత బట్టలు. ఒకటి కాదు, రెండు కావాలి. చాలాసార్లు ఉతికి మెత్తబడ్డ పాత పంచె ముక్క గానీ బనియన్ గానీ చాలు. ఒకటి వేళ్లు ఆడే చోటుకు, రెండోది కమాను ఆడే చోటుకు. ఒకే గుడ్డ వాడితే రోజిన్ పొడిని తీసుకెళ్లి ఫింగర్‌బోర్డుకు పూసినట్టే. ఆ అమ్మాయి ఒక గుడ్డ అంచుకు ఎర్రదారం, ఇంకోదానికి నీలిదారం కుట్టుకుంది.

బస్తర్‌లో మనకు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. ఇక్కడి ఎర్ర దుమ్ములో ఇనుప ఖనిజపు రేణువులు ఉంటాయి. దాని మీద గుడ్డ పెట్టి రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే, వార్నిష్ మీద గీతలు పడతాయి. అందుకని ముందు రంగు తగలని మెత్తటి పొడి కుంచెతో దుమ్మును మెల్లగా ఊడ్చేయాలి. నోటితో ఊదకండి, తడి తగులుతుంది.

ఇప్పుడు తుడవడం. వాయించడం అయిపోయిన వెంటనే, ప్రతిరోజూ. వయొలిన్‌ను ఒళ్లో పెట్టుకుని మెడ దగ్గర పట్టుకోండి. మొదటి గుడ్డను మడిచి తీగలకూ ఫింగర్‌బోర్డుకూ మధ్య దూర్చి, పై నుంచి కిందికి నెమ్మదిగా లాగండి. తీగలను పైకి ఎత్తకండి, పక్కకు గుంజకండి. తర్వాత ఒక్కో తీగను గుడ్డతో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నిలువునా తుడవండి. రెండో గుడ్డతో కమాను ఆడే చోట తీగలను, ఆ కింద చెక్క మీద రాలిన తెల్ల పొడిని తుడవండి. తీగలను మోసే బ్రిడ్జిని నొక్కవద్దు, కదపవద్దు. అది జిగురుతో అంటించింది కాదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. చివరగా కమాను మర వదులు చేసి పెట్టెలో పెట్టండి. కమాను వెంట్రుకలను మాత్రం గుడ్డతోనూ చేత్తోనూ ముట్టుకోకండి. జిడ్డు అంటితే అవి తీగను పట్టుకోవు. ఇదంతా కలిపి రెండు మూడు నిమిషాల పని.

ఏళ్ల తరబడి గట్టిపడ్డ మురికి ఒక్కరోజులో పోదు. పొడి గుడ్డతో రోజూ కొంచెం కొంచెం తీయాల్సిందే. గోరు, బ్లేడు, గిన్నెలు తోమే పీచు వాడితే తీగ మీద చుట్టిన సన్నటి లోహపు పొర లేచిపోతుంది. ఆ అమ్మాయి రెండు వారాలు తుడిచింది. అయినా ఒక తీగ బాగుపడలేదు. అప్పుడు కొత్తది వేయించాం. తీగ అరిగిపోయే వస్తువే, మార్చుకోవచ్చు. అయితే నాలుగూ ఒకేసారి విప్పకూడదు. వయొలిన్ లోపల బ్రిడ్జికి దగ్గరగా, పై చెక్కకూ కింది చెక్కకూ మధ్య ఒక చిన్న కర్రముక్క నిలబడి ఉంటుంది. దాన్ని సౌండ్ పోస్ట్ అంటారు. ఫ్రెంచి వాళ్లు దాన్ని "ఆత్మ" అన్న అర్థమున్న మాటతో పిలుస్తారు. తీగలన్నీ వదులైతే బ్రిడ్జితో పాటు అదీ పడిపోవచ్చు. కాబట్టి ఒకటి విప్పి, దాని చోట కొత్తది బిగించి, ఆ తర్వాతే ఇంకోటి.

ఫింగర్‌బోర్డు మీద జిడ్డు పొడి గుడ్డకు లొంగకపోతే, గుడ్డను నీటిలో ముంచి, ఇక చుక్క రాలనంత గట్టిగా పిండి, ఫింగర్‌బోర్డు వరకే తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరేలా తుడవాలి. అది సాధారణంగా వార్నిష్ లేని చెక్క కాబట్టి ఆ మాత్రం తడిని తట్టుకుంటుంది. మంచి వయొలిన్లకు దాన్ని ఎబొనీ చెక్కతో చేస్తారు. ఆ చెట్టు మనకు పరాయిది కాదు. వేసవిలో బస్తర్ అడవుల్లో బీడీల కోసం ఆకు కోసే తునికి చెట్టుదీ దానిదీ ఒకే ప్రజాతి. చౌక వాయిద్యాలకైతే వేరే చెక్కకు నల్లరంగు వేస్తారు. గుడ్డకు నలుపు అంటుతోందంటే మురికి కాదు, రంగు ఊడుతోందన్నమాట. అక్కడితో ఆపేయండి.

స్పిరిట్ మాత్రం మీ పని కాదు. తెలిసిన పెద్దవాళ్లు వాడినా, పొట్ట భాగమంతా మందపాటి పొడి తువ్వాలుతో కప్పి, స్పిరిట్‌ను గుడ్డ కొసకు ఒకటి రెండు చుక్కలు మాత్రమే అంటించి, సీసా మూత బిగించి దూరంగా, మంటకు ఇంకా దూరంగా పెట్టి వాడతారు. తీగలో నరమో నైలాన్ లాంటి దారమో ఉంటే దానికీ హాని కలగొచ్చు. బడిలో అసలు వద్దనే మా మాట.

కొబ్బరినూనె సంగతి కూడా చెప్పాలి. వీణ వాయించేవాళ్లు తీగల మీద కాస్త నూనె రాయడం మీలో కొందరు చూసి ఉంటారు. వీణను మీటుతారు, వేళ్లు తీగ వెంట సులువుగా జారాలి. వయొలిన్‌కు కమాను తీగను పట్టుకోవాలి. కమాను ఆడే చోట నూనె తగిలితే పట్టు పోయి, శబ్దమే రాదు. ఒక వాయిద్యానికి మేలు చేసేది ఇంకో వాయిద్యానికి కీడు. కాబట్టి చూసిందల్లా చేయకుండా, ఎందుకో అడిగి తెలుసుకుని చేయండి.

ఇంత శ్రమ ఎందుకు అంటారా? మన సంగీతంలో గమకాలు పలకాలంటే వేలు తీగ మీద నిలవదు, అటూ ఇటూ జారుతూనే ఉంటుంది. తీగ జిగటగా ఉంటే వేలు అక్కడే ఆగిపోతుంది. స్వరం కూడా తప్పుతుంది. శుభ్రత ఇక్కడ అందం కోసం కాదు, రాగం కోసం.

ఇంకో మాట. వయొలిన్ కూడా మనలాగే బదిలీ మీద వచ్చిందే. యూరప్ వాళ్లతో పాటు మద్రాసు చేరింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఇక్కడికి వచ్చాక అది నేల మీద కూర్చోవడం నేర్చుకుంది. తీగల శ్రుతి మార్చుకుంది. బైలడిల్లా ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన మన కిరండూల్ రైలుమార్గం అరకు కొండలు దిగి కొత్తవలస చేరుతుంది. అక్కడికి విజయనగరం దగ్గరే. ఆ ఊళ్లో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులయ్యారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అదే ఏడాది అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో అధ్యక్షులయ్యారు. పాటకు పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌తో ఒంటరిగా కచేరీ చేసి మెప్పించిన మహానుభావుడు ఆయన. పరాయి దేశపు పెట్టె మన ఊరి గొంతు అయిందంటే, చేరిన ప్రతిచోటా ఎవరో ఒకరు దాన్ని తమదనుకున్నారు కాబట్టే.

ఆ సంగతి బస్తర్ పల్లెల్లోనూ కనిపిస్తుంది. ఇక్కడ జగార్ జరిగే రోజుల్లో గురుమాయిలని పిలిచే స్త్రీలు ధన్‌కుల్ వాయిస్తూ పాడతారు. ఒక కుండ, దాని మీద ఒక చేట, చేట మీద ఆనించిన గాట్ల విల్లు. ఆ గాట్ల మీద వెదురు పుల్లతో రాస్తే శబ్దం పుడుతుంది. వంటింటి వస్తువుల్లాంటివే, ఖరీదైనదేదీ లేదు. కానీ ఆ వాయిద్యానికి మనుషులున్నారు. మన బీరువాలోని వయొలిన్‌కు ఉన్నది ఒక రిజిస్టరు.

అందుకే ఈ ఏడాది సంగీతం మాస్టారితో మాట్లాడి ఒక చిన్న పని చేశాం. వయొలిన్ పెట్టె పిడికి దారంతో ఒక నోటుపుస్తకం కట్టాం. మొదటి పేజీలో ఆ అమ్మాయి వెళ్లే ముందు రాసింది ఉంది, తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. ఏ గుడ్డ ఎక్కడ వాడాలి, ఏ తీగ ఎప్పుడు మార్చారు, ఏ బిరడ వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోతుంది, ఇవే విషయాలు. ఆ తర్వాతి పేజీలు ఇప్పుడు తుడిచేవాళ్లవి. తేదీ, పేరు, చూసిన మార్పు. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఇప్పుడు ఆ పని ఆరో తరగతి పిల్లవాడొకడు చేస్తున్నాడు. వాడికి వయొలిన్ వాయించడం ఇంకా రాదు, నేర్చుకుంటానంటున్నాడు. మొదటివారంలో ఎర్రదారం గుడ్డ, నీలిదారం గుడ్డ తారుమారు చేశాడు. ఆ సంగతి తనే పుస్తకంలో రాశాడు: "ఈరోజు గుడ్డలు మారిపోయాయి. రెండూ ఉతికాను." స్టాక్ రిజిస్టరులో మేము ఇన్నేళ్లలో చూసిన ఏ టిక్కు కన్నా ఆ రెండు వాక్యాలు మాకు ఎక్కువ నమ్మకం ఇచ్చాయి. తప్పు జరిగింది, కనబడింది, సరిదిద్దారు. బీరువాలో తాళం వేసి ఉంచితే తప్పు జరిగినా ఎవరికీ కనబడదు.

వాడూ ఒకరోజు వెళ్లిపోతాడు. మేమూ వెళతాం. అది మన చేతుల్లో లేదు. వెళ్లేలోపు పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని రెండు మూడు నిమిషాలు గుడ్డ పట్టుకోవడం నేర్పడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

ఈ పత్రిక ఏ ఊళ్లో చదువుతున్నా సరే, మీ బడి సంగీతం గదిలో మూసి ఉన్న పెట్టెలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. మాస్టారిని అడిగి తెరవండి. ముందు వాయించకండి. మెత్తటి పాత గుడ్డ ఏమైనా ఉందా అని అడగండి.